మా నాయిన అచ్చువేసిన సర్కస్

సర్కస్ కరపత్రం మీద సంవత్సరం ఉండదు. తేదీ ఉంటుంది, వారం ఉంటుంది, ఊరి పేరు, మైదానం పేరు ఉంటాయి, రోజుకు మూడు ఆటలని ఉంటుంది. సంవత్సరం మాత్రం ఎవరూ వేయించరు. వేయించాల్సిన అవసరం ఏముంది? నెల తిరిగేసరికి డేరా లేచి మిర్యాలగూడకో సూర్యాపేటకో పోతుంది. ఆ కాగితం పల్లీల పొట్లానికో, పిల్లల పడవలకో పనికొస్తుంది. నలభై ఏళ్ళ తర్వాత దాన్ని భూతద్దం కింద పెట్టి ఇది ఏ ఏడాదిదో అని వెతికే వాళ్ళుంటారని ఆ రోజుల్లో ఎవరనుకున్నారు!

నేను ఆ పనే చేస్తుంటాను. నా దగ్గర ఒక రేకు పెట్టె నిండా సర్కస్ కాగితాలున్నాయి. కరపత్రాలు, సగం చించిన టికెట్లు, గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీసిన పోస్టర్ ముక్కలు, జోకర్ మొహం ఉన్న అట్ట ముసుగు ఒకటి. ఎక్కువ భాగం నల్లగొండవి. కొన్ని మా మేనమామ పాలమూరు నుంచి తెచ్చినవి. ఈ పిచ్చికి కారణం మా నాయిన. ఆయనకు నల్లగొండలో ప్రకాశం బజారు దగ్గర చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కి అచ్చువేసే ఒక ట్రెడిల్ మిషన్, గోడ పొడవునా సీసపు అక్షరాలుండే టైపు కేసులు, పక్క గదిలో కాగితం రీములు. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, ఎన్నికలప్పుడు కరపత్రాలు, జాతరలప్పుడు వాల్ పోస్టర్లు. ఎప్పుడన్నా సర్కస్ వస్తే సర్కస్ పని.

డేరా దిగడానికి వారం పది రోజుల ముందే సర్కస్ మనిషి ఒకాయన ఊళ్ళోకి వచ్చేవాడు. మైదానం మాట్లాడుకోవడం, మున్సిపాలిటీలో, పోలీసు స్టేషన్లో అనుమతులు, కరెంటు, నీళ్ళ ట్యాంకర్లు, ఏనుగులకు మేత, ఇవన్నీ చూసుకునేది ఆయనే. చేతిలో ఒక తోలు సంచి ఉండేది. ప్రెస్సుకు వచ్చి ఆ సంచి విప్పి బల్ల మీద బ్లాకులు పరిచేవాడు. చెక్క మీద బిగించిన లోహపు రేకులు. ఒకదాని మీద నోరు తెరిచిన సింహం, ఒకదాని మీద స్టూలు ఎక్కిన ఏనుగు, ఒకదాని మీద ఊయల పట్టుకుని గాలిలో తేలుతున్న ఇద్దరు. పక్కనే సర్కస్ పేరు పెద్ద అక్షరాల్లో. ఆ బ్లాకులు ఊరూరూ తిరిగి తిరిగి అంచులు అరిగిపోయి ఉండేవి. ఏ ఊళ్ళో అచ్చయినా బొమ్మలు అవే. మా నాయిన చేర్చాల్సింది కింద నాలుగు పంక్తులు: ఊరు, మైదానం, తేదీ, టికెట్ ధరలు. ఆ నాలుగు పంక్తులే ఆ కాగితాన్ని నల్లగొండ కాగితం చేసేవి.

చాలా ఏళ్ళ తర్వాత అమెరికా సర్కస్ పోస్టర్ల గురించి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అక్కడా పద్ధతి ఇదే. సిన్సినాటిలోని స్ట్రోబ్రిడ్జ్ కంపెనీ లాంటి లితో, అంటే రాతి అచ్చు, ప్రెస్సులు రంగురంగుల పోస్టర్లు వేల లెక్కన అచ్చువేసి ఇచ్చేవి. సర్కస్ కంటే ముందే రైల్లో బయలుదేరిన మనుషులు బకెట్లలో మైదా జిగురు పట్టుకుని గోడలకు అంటించేవాళ్ళు. ఊరు, తేదీ ఉన్న కాగితం పట్టీ మాత్రం వేరుగా అచ్చువేసి పోస్టర్ కింద అతికించేవాళ్ళు. ఆ పట్టీతో సహా దొరికిన పోస్టర్ అంటే సేకరించేవాళ్ళకు ప్రాణం. జర్మనీలో హాంబర్గ్‌లో ఫ్రీడ్‌లెండర్ అనే ఆయన ప్రెస్సు సర్కస్ పోస్టర్లకు ప్రసిద్ధి. ఆయన ఒక మంచి పని చేశాడు. పోస్టర్ల మీద అడుగున వరుస సంఖ్య వేశాడు. ఆ సంఖ్యను బట్టి అది ఏ కాలానిదో ఇవాళ చెప్పగలుగుతున్నారు.

మన దగ్గర అట్లాంటి సంఖ్య లేదు. అయినా దారులున్నాయి. మొదటిది తేదీ, వారం. జనవరి 14 మంగళవారం అని ఉందనుకోండి, అది అన్ని ఏళ్ళలో రాదు. అయిదారేళ్ళకో, ఒక్కోసారి పదకొండేళ్ళకో ఒకసారి వస్తుంది. అట్లా నాలుగైదు సంవత్సరాలకు కుదించుకోవచ్చు. తర్వాత టికెట్ ధర చూడాలి. తర్వాత ఫోన్ నంబర్‌లో ఎన్ని అంకెలున్నాయో చూడాలి. కాగితం వెనక వేలితో తడిమితే అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలాయా, అది టైపు పేర్చి వేసిన అచ్చు. నున్నగా ఉందా, ఆఫ్‌సెట్ వచ్చాక వేసింది. ఇక ఏ ఊరిదో తేల్చడానికి అన్నిటికంటే నమ్మకమైనది అట్టడుగున చీమంత అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ఊరు. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రించినవాళ్ళ పేరు, ముద్రించిన చోటు ఉండాల్సి ఉండేది. మా నాయిన ఈ విషయంలో చాలా ఖచ్చితం. పెళ్ళి పద్యాల కాగితం మీద కూడా వేసేవాడు. ఊరి పేరు చిరిగిపోయిన కరపత్రాలను కూడా నేను ఆ చివరి పంక్తితోనే ఏ ఊరివో పట్టుకున్నాను.

ఇంకో గుర్తు జంతువులు. కరపత్రంలో సింహాలు, పులులు, ఎలుగుబంట్లు ఉన్నాయంటే అది పాతది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతపులులు, సింహాలతో ఆటలు ఆడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. కేరళ హైకోర్టు ఒప్పుకోలేదు, 2001లో సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వునే నిలబెట్టింది. ఆ జంతువుల్లో చాలావాటిని విశాఖపట్నం, తిరుపతి లాంటి చోట్ల జూల పక్కన పెట్టిన పునరావాస కేంద్రాలకు పంపించారు. నేను చూసిన సింహం బోను మా ఇంటి స్నానాల గది కంటే చిన్నది. దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కరపత్రం మీద బొమ్మలో ఉన్న జూలు దానికి లేదు. అది బయటపడాల్సిందే. ఆ కాగితాలంటే నాకు ఎంత ప్రేమో, ఆ బోన్లు పోయినందుకు అంత సంతోషం. ఈ రెండూ నాలో ఎప్పుడూ కొట్లాడుకోలేదు.

సర్కస్ వచ్చిన సంగతి ఊళ్ళకు తెలిసేది మాత్రం కాగితంతో కాదు, వెలుతురుతో. రాత్రి ఎన్జీ కాలేజీ మైదానం నుంచి ఆకాశంలోకి సర్చ్ లైటు తిరిగేది. పానగల్లు చెరువు కట్ట మీద నిలబడితే కనబడేది. చుట్టుపక్కల పల్లెల్లో ఆరుబయట మంచాలేసుకుని పడుకున్నవాళ్ళు దాన్ని చూసి "నల్లగొండల సర్కస్ దిగిందిరో" అనుకునేవాళ్ళు. మర్నాడు జీపు మైకు కట్టుకుని బయలుదేరేది. జీపులోంచి గులాబీ, పసుపు, ఆకుపచ్చ కాగితాలు గాల్లోకి ఎగిరేవి. పిల్లలు జీపు వెనక పరుగెత్తేవాళ్ళు. నేను పరుగెత్తాల్సిన పని లేదు, మా ప్రెస్సులో కట్టలకు కట్టలున్నాయి. అయినా పరుగెత్తేవాణ్ణి. దుమ్ములో పడి ఏరుకున్న కాగితం వేరు.

మా తాత మటుకు సర్కస్‌కు అంతగా ఆశ్చర్యపోయేవాడు కాదు. ఆయన చిన్నప్పుడు ఊరి నడుమ గడ పాతి దాని కొస మీద బోర్లా పడుకుని గిరగిరా తిరిగే దొమ్మరోళ్ళ ఆట చూసినవాడు. తాడు మీద నడిచే ఆడబిడ్డను చూసినవాడు. "కింద వల కూడా ఉండకపోయేది బిడ్డా" అని గర్వంగా చెప్పేవాడు. నా చిన్నప్పుడు పల్లెల్లో సైకిల్ ఆటగాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకడు రాత్రింబవళ్ళు సైకిల్ దిగకుండా తిరిగేవాడు, దాని మీదే స్నానం, దాని మీదే తిండి. చివరి రోజు ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టుకునేవాడు. ఊరోళ్ళు బియ్యం, రూపాయలు, పాత బట్టలు ఇచ్చేవాళ్ళు. వాళ్ళెవరూ ఏ కాగితమూ వేయించలేదు. కాబట్టి నా పెట్టెలో వాళ్ళ గుర్తు ఒక్కటీ లేదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు, కురుమూర్తి జాతరకు వచ్చే చిన్న చిన్న డేరాలవి కూడా తక్కువే. చెక్క బావిలో గోడ మీద మోటార్ సైకిల్ తిప్పే ఆటకు టికెట్టంటే ఒక రబ్బరు స్టాంపు గుద్దిన ముక్క. అదొకటి మా మేనమామ తెచ్చిచ్చింది ఉంది.

ఆ తోలు సంచి మేనేజరుది కేరళ. మా నాయినను "అన్నా" అనేవాడు, మా నాయిన ఆయన్ను "మేనేజర్ సాబ్" అనేవాడు. ప్రూఫు వచ్చేదాకా చాయ్ తాగుతూ ముచ్చట్లు చెప్పేవాడు. తమ ఊరు తలశ్శేరి అని, అక్కడ ఇంటికొకరు సర్కస్‌లో ఉంటారని అనేవాడు. మేమది గొప్పలు చెప్పుకోవడం అనుకున్నాం. కానీ మన దేశపు సర్కస్ చరిత్ర చదివితే సగం కథ ఆ ఊరిదే. ఇప్పుడున్న తరహా సర్కస్‌ను 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే గుర్రపు సైనికుడు మొదలుపెట్టాడు. మన దగ్గర మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే మొదలుపెట్టాడు, ఆయనా గుర్రాల మనిషే. బొంబాయికి కియారిని అనే ఇటలీ వాడి సర్కస్ వచ్చింది. ఛత్రే అది చూసినప్పుడు, భారతీయులు సొంతంగా సర్కస్ పెట్టడానికి ఇంకా చాలా కాలం పడుతుందని కియారిని అన్నాడట, ఛత్రేకు ఆ మాట తగిలిందట. 1880 మార్చి 20న బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ మొదటి ఆట పడింది. తర్వాత ఆ బృందం తలశ్శేరి వెళ్ళింది. అక్కడ కీలేరి కుంఞికణ్ణన్ అనే వ్యాయామ గురువు కలరి అనే కేరళ యుద్ధవిద్య, జిమ్నాస్టిక్స్ నేర్పుతుండేవాడు. ఛత్రే అడిగితే ఆయన సర్కస్‌కు మనుషులను తయారుచేయడానికి ఒప్పుకున్నాడు. 1901లో సర్కస్ శిక్షణ కోసమే బడి తెరిచాడు. దేశంలోని పెద్ద పెద్ద సర్కస్‌లు చాలావరకు ఆ శిష్యులు, శిష్యుల శిష్యులు పెట్టినవే. జెమిని సర్కస్ 1951 ఆగస్టు 15న గుజరాత్‌లోని బిల్లిమోరాలో మొదలైంది. దాన్ని పెట్టిన జెమిని శంకరన్‌ది కూడా తలశ్శేరి దగ్గరే. ఆయన 2023లో, తొంభై తొమ్మిదో ఏట పోయాడు.

మనకూ ఒక మహానుభావుడు ఉన్నాడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. విజయనగరంలో సర్కస్ పెట్టి దేశమంతా తిరిగాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, రెండు పక్కలా గొలుసులతో కార్లను కదలకుండా ఆపాడు. కలియుగ భీముడన్నారు. ఆయన సర్కస్ కాగితం ఒక్కటైనా కళ్ళతో చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను.

డేరా లేచిపోయాక మైదానంలో గుండ్రటి గుర్తు మిగిలేది. మా అన్న ఒకసారి అడుగులేసి కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ గుండ్రం అడ్డుకొలత ప్రపంచమంతా ఒకటే, 42 అడుగులు. ఆస్ట్లీ గుర్రాలతో చేసి చేసి చివరికి ఖాయం చేసిన కొలత. గుర్రం ఒకే వేగంతో గుండ్రంగా పరుగెడుతుంటే దాని మీద నిలబడినవాడు లోపలికి కొంచెం వాలితే చాలు, పడిపోడు. గుండ్రం మరీ చిన్నదైతే గుర్రం తిరగలేదు, పెద్దదైతే మనిషికి ఆ ఊతం దొరకదు. ఏ దేశంలో నేర్చిన గుర్రమైనా ఏ ఊరి డేరాలోనైనా తడబడకుండా తిరగడానికి కారణం ఆ కొలతే. లండన్‌లో గీసిన గుండ్రం మా నల్లగొండ ఎర్రమట్టిలో పడిందని తెలిసిన రోజు మా అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. మా ఇంట్లో ఉన్న కరపత్రాలన్నీ ముందేసుకుని చదివితే ఒక విషయం కనబడుతుంది. కొన్నింట్లో ఏనుగుకు పేరుంటుంది. సింహానికి పేరుంటుంది. మనుషులకు ఉండదు. "గాలిలో ఎగిరే యువతులు", "నవ్వించే పొట్టి జోకర్లు", "మృత్యుగోళంలో వీరులు", అంతే. బయటి దేశాల్లో కథ వేరుగా నడిచింది. అక్కడ సర్కస్ మనుషులు తమ ఫొటోలు తామే అమ్ముకునేవాళ్ళు. అమెరికాలో బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి దగ్గర పేరు పొందిన టామ్ థంబ్ అనే పొట్టి మనిషి 1863లో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి ఫొటోలు విపరీతంగా అమ్ముడుపోయాయి. చాలా ఎత్తుగా ఉండే మనుషులు తమ వేలికి పట్టేంత పెద్ద ఉంగరాలు గుర్తుగా అమ్మేవాళ్ళు. ఆ ఉంగరాలు, ఆ ఫొటోలు ఇవాళ సేకరించేవాళ్ళ దగ్గర పేర్లతో సహా భద్రంగా ఉన్నాయి. నా పెట్టెలో మాత్రం మన సర్కస్ మనుషుల పేర్లు ఏ కరపత్రం మీదా దొరకవు.

నా దగ్గర ఒక్క కాగితం మీద ఉంది. అది కరపత్రం కాదు. ఒకసారి మేనేజర్ వెంట ఒక పిల్ల ప్రెస్సుకు వచ్చింది. నా ఈడుదే. వాళ్ళది నేపాల్ అని ఆయన చెప్పాడు. ఒంటి చక్రం సైకిల్ తొక్కుతుందట. ఆయన లెక్కలు చూసుకుంటుంటే ఆ పిల్ల టైపు కేసుల దగ్గర నిలబడి ఆ సీసపు అక్షరాలను ఒక్కొక్కటే చూస్తోంది. మా నాయిన హిందీలో పేరడిగాడు. చెప్పింది. ఆయన అక్షరాలు పేర్చే స్టిక్కులో ఆ పేరును తెలుగు అక్షరాల్లో పేర్చి, చుట్టూ శుభలేఖలకు వేసే పూల బార్డరు కట్టి, మిగిలిపోయిన శుభలేఖ అట్టల మీద ఎర్ర ఇంకుతో కొన్ని కార్డులు వేసి ఇచ్చాడు. ఆ పిల్లకు తెలుగు రాదు. ఏది ఏ అక్షరమో వేలుపెట్టి చూపించాడు. ఇంకు ఆరకముందే ముట్టుకుందేమో, వేళ్ళకంతా ఎరుపు. ఆ కార్డులను ఓణీ కొంగులో కట్టుకుని వెళ్ళింది.

ఆ రాత్రి ఆటకు మాకు పాసులున్నాయి. ఒంటి చక్రం సైకిళ్ళ మీద ఎనిమిది పది మంది ఆడపిల్లలు వరుసగా వచ్చారు. అందరికీ ఒకటే మెరుపు బట్టలు, ఒకటే రంగు మొహాలు. వాళ్ళలో ఆ పిల్ల ఎవరో నేను గుర్తుపట్టలేకపోయాను.

ఒక కార్డును మా నాయిన ప్రెస్సు శాంపిల్ ఆల్బమ్‌లో అతికించుకున్నాడు. ఆయన పోయాక ఆల్బమ్ తిరగేస్తుంటే కనబడింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె ఎక్కడో నా వయసు మనిషిగా ఉండి ఉంటుంది, ఆ రోజుల గురించి ఎవరికి చెప్పుకోవాలో ఆమె ఇష్టం. 2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలను పనిలో పెట్టకూడదని చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఎర్ర ఇంకు వేళ్ళే. ఆమె బడిలో ఉండాల్సిన వయసులో మా ఊరికి వచ్చింది. ఆమె పేరును కూడా అచ్చువేయొచ్చని, అది కూడా అచ్చుకు తగిన పేరేనని మా నాయినకు తోచింది. ఆయన చేసిన పనులన్నిట్లో నాకు బాగా నచ్చింది అదే.

ఇట్లాంటి కాగితాలు ఎవరి దగ్గరున్నా ఒక మాట. లామినేషన్ చేయించకండి. సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్ళకు జిగురు పసుపుపచ్చగా దిగి అక్షరాన్ని తినేస్తుంది. ఆ రంగు కాగితాలు ఎండకు తొందరగా వెలిసిపోతాయి, గోడకు తగిలించొద్దు. మడతలు విప్పి బల్లపరుపుగా పెట్టి, మధ్యమధ్య తెల్ల కాగితాలు వేయండి. చెదలు రాకుండా పెట్టెను నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి. వెనకాల పెన్సిల్‌తో, పెన్నుతో వద్దు, ఎవరు తెచ్చారో ఏ ఊళ్ళో ఆటో రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి.

నేను ఇప్పుడు వెతుకుతున్నది నిజాం కాలం నాటి సర్కస్ కరపత్రం. అప్పట్లో ఉర్దూ అచ్చుకు ఎక్కువగా టైపు వాడేవాళ్ళు కాదు, కాతిబు చేత్తో అందంగా రాస్తే దాన్ని రాతి మీదికి ఎక్కించి లితోలో తీసేవాళ్ళు. అట్లాంటిది ఒకటి పాలమూరులో చూశానని మా నాయిన చెప్పేవాడు, పైన ఉర్దూ, కింద తెలుగు, మధ్యలో ఏనుగు. పాలమూరులోనో, వనపర్తిలోనో, గద్వాలలోనో, దేవరకొండలోనో ఏ ఇంట్లోనైనా పాత దస్తావేజుల మధ్య అది ఉండి ఉండొచ్చు. ఉంటే నాకు కబురు చేయండి. అమ్మమని అడగను. వచ్చి చూసి, ఫొటో తీసుకుని, మీ కాగితం మీకే ఇచ్చి వెళ్తాను.